ఏపీఆర్‌ఎస్ బీకన్ ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

ఏపీఆర్‌ఎస్ అంటే హ్యామ్ రేడియోలో మీ స్థానం వంటి సమాచారాన్ని చిన్న డిజిటల్ ప్యాకెట్లుగా పంపే పద్ధతి; అలా మీ సెట్టు తనంతట తాను పంపేదే బీకన్. కాల్‌సైన్ (మీ రేడియో గుర్తింపు) గడిలో ముందే నింపి ఉండే ‘నోకాల్’ అలాగే మిగిలిపోయిందేమో ముందు చూడండి. మీ కాల్‌సైన్ చివర కారుకైతే -9, చేతి సెట్టుకైతే -7.

ఫ్రీక్వెన్సీ ఉత్తర అమెరికాలో 144.390, ఐరోపాలో 144.800 మెగాహెర్ట్జ్.

ఎక్కువమంది తప్పు చేసేది స్థానం దగ్గరే. ప్యాకెట్‌లో డిగ్రీల పక్కన నిమిషాలుంటాయి, దశాంశ డిగ్రీలు కావు. హైదరాబాద్ అక్షాంశం 17.385 డిగ్రీలంటే 17 డిగ్రీల 23.10 నిమిషాలు, అంటే 1723.10 అని రాయాలి. 1738.50 అని కొడితే మ్యాప్‌లో 28 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లిపోతారు. అత్యవసరంలో ఈ తప్పు ప్రాణం మీదికి తెస్తుంది.

స్పీకర్ నుంచి ఆడియో తీస్తుంటే స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని ఆపే అమరిక) పూర్తిగా తెరవండి, బ్యాటరీ సేవర్ ఆపండి. లేకపోతే ప్యాకెట్ మొదలు తెగిపోయి డీకోడ్ కాదు. పంపే ఆడియో మరీ పెంచినా అంతే.

ఇంటి స్టేషన్‌కు అరగంటకోసారి బీకన్ చాలు. ఛానెల్ అందరిదీ.