కల్లు మానిపించాలనుకునే ఇంటివాళ్లకు

మా ఆయన కల్లు మానాలని నేను చేసిన మొదటి పని, గదిలో పెట్టి బయట గొళ్లెం వేయడం. మీరు ఆ పని చేయకండి.

మాది బోధన్ దగ్గర పల్లె. నేను బీడీలు చుడతా, ఆయనది సుతారి పని. పొద్దున రెండు సీసాలు, మాపటికి మూడు. "కల్లే కదనే, ఒంటికి చలువ" అనేవాడు. చెట్టు కల్లయితే ఇంత గోస ఉండకపోవు. ఊర్లో ఈత చెట్లు ఎన్ని, దుకాణంలో రోజూ ఖాళీ అయ్యే సీసాలు ఎన్ని, లెక్కేసుకుంటే మీకే తెలుస్తుంది. నీళ్లలో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి, తీపికి శాక్రిన్ వేసి అమ్ముతారు. అవి నిద్రకూ ఆందోళనకూ వాడే మందులు. ఏళ్లతరబడి లోపలికి పోతే మెదడు వాటి మీదే నడుస్తుంది. 2015లో దాడులు జరిగి కల్లులో కలిపే ఈ మందుల పొడి దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు జనం ఫిట్స్‌తో దవాఖానలకు ఉరికింది అందుకే.

కాబట్టి ముందు డాక్టర్, మానడం తర్వాత. మందు తాగేవాళ్లకైనా ఇదే వరస.

పోయేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుపోండి: ఏది తాగుతాడు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్ల నుంచి, ఆఖరుసారి ఎప్పుడు. సిగ్గుపడి తక్కువ చెప్పొద్దు. నేను ఐదు సీసాలకు రెండే అని చెప్పి డాక్టరమ్మతో చీవాట్లు తిన్నా. వాళ్లు మాత్రలిచ్చి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. ఆ మాత్రలు మీరే మెడికల్ షాపులో కొని వేయొద్దు. వాటి మీద కల్లు తాగితే ఊపిరే ఆగిపోవచ్చు. బాగా తాగి తిండి మానేసినవాళ్లకు బీ1 సూది అవసరం పడుతుంది, దాని సంగతి కూడా అడగండి.

ఆపిన పూటే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. డైజిపామ్‌కు అలవాటు పడ్డవాళ్లకు వారం దాటాక కూడా రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా లేనివి కనబడతాయి. మా ఆయన రెండో రాత్రి గోడ మీద ఎలుకలు పాకుతున్నాయని చెప్పుతో కొట్టాడు. నేను దిష్టి తీశా. తెల్లారుజామున ఫిట్స్ వచ్చి పడిపోయాడు.

అప్పుడు మా అత్తమ్మ తాళాల గుత్తి చేతిలో పెట్టింది, పక్కింటాయన నోట్లో చెంచా దూర్చబోయాడు. రెండూ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, చుట్టూ సామాను జరపండి, గడియారం చూడండి. 108కు ఫోన్ చేయండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా ప్రాణాల మీదికొచ్చినట్టే.

"తెలియకుండా మాన్పిస్తాం, పప్పులో కలపండి" అనే పొడులు కొనకండి. మా వదినె పన్నెండు వందలు పోసి తెచ్చింది. సారా, బ్రాందీ లాంటివాటితో పడని డైసల్ఫిరామ్ అనే మాత్ర లాంటిది అందులో ఉంటే, సంగతి తెలియక తాగినవాడికి మొఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. అల్ప్రాజోలం అలవాటుకు అది పనికే రాదు.

హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖాన పేరు చెబితే ఊర్లో నవ్వుతారని ఆగొద్దు. అంతదూరం పోకముందే 14416కు చేయండి, అది టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ లైను. పైసలు పడవు, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

మాత్రలు అయిపోయాక అసలు తిప్పలు. కూలి పైసలిచ్చే శనివారం పొద్దుగూకేటప్పుడు, దసరా, పెద్దల అమావాస్య. ఆయన ఇప్పుడు దుకాణం దిక్కు రాకుండా చెరువు కట్ట మీదుగా ఇంటికొస్తాడు, కిలోమీటరు ఎక్కువ. శనివారం మాత్రం నేనే ఎదురు పోతా, బీడీ చాట పక్కన పెట్టి.