షేప్‌ఫైల్ 2 జీబీ దాటితే: నా అనుభవం

దాదాపు 8 లక్షల భూకమతాల మ్యాప్ పొరను క్యూజీఐఎస్ (మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్) నుంచి షేప్‌ఫైల్‌గా (కొన్ని ఫైళ్లు కలిసి ఉండే మ్యాప్ ఫార్మాట్) పంపితే అవతలివాళ్ల దగ్గర తెరుచుకోలేదు. జిప్ చేశాను, హద్దుల గీతలను సింప్లిఫై చేశాను, ఫలితం లేదు.

చివరికి ఫోల్డర్ తెరిచి ఒక్కో ఫైల్ సైజు విడిగా చూశాను. ఆకృతులుండే ఎస్‌హెచ్‌పీ 200 ఎంబీ కూడా లేదు. వివరాలుండే డీబీఎఫ్ మాత్రం 2.3 జీబీ! షేప్‌ఫైల్‌కు ఉండే 2 జీబీ సైజు పరిమితి ఈ రెండు ఫైళ్లకూ విడివిడిగా వర్తిస్తుంది. నా 12 టెక్స్ట్ కాలమ్‌ల వెడల్పు 254 బైట్ల చొప్పున ఉంది. డీబీఎఫ్‌లో గడి ఖాళీగా ఉన్నా పూర్తి చోటు తీసుకుంటుంది.

ముందుగా క్యూజీఐఎస్‌లోని స్టాటిస్టికల్ సమ్మరీ ప్యానెల్‌లో చూసి ప్రతి కాలమ్‌కు గరిష్ఠ పొడవు రాసుకున్నాను. తర్వాత కాలమ్‌ల వెడల్పు మార్చే రీఫ్యాక్టర్ ఫీల్డ్స్ టూల్‌లో సర్వే నంబరుకు 20, ఇలా అన్నీ తగ్గించాను. తెలుగు ఊరి పేర్ల దగ్గర జాగ్రత్త: యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు క్యారెక్టర్‌కు 3 బైట్లు పడతాయి, అందుకే అక్కడ వచ్చిన పొడవుకు మూడింతలు ఇచ్చాను. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే డీబీఎఫ్ 240 ఎంబీకి దిగింది. అవతల వెంటనే తెరుచుకుంది, టెన్షన్ తీరింది.

మీ దగ్గర ఎస్‌హెచ్‌పీయే పెద్దదైతే ఇది పనిచేయదు. అవతలివాళ్లు ఒప్పుకుంటే జియోప్యాకేజ్ (ఈ 2 జీబీ పరిమితి లేని మరో మ్యాప్ ఫార్మాట్) పంపడమే మేలు. నాకు ఆ వీలు లేకపోయింది.