చిన్న జాతి కుక్కలను గుర్తించడం – 4వ పాఠం: పొమేరియన్, దాని తెల్లని బంధువు

గత పాఠంలో ఎత్తు కొలిచే పద్ధతి చెప్పి, మీ ఇంటి కుక్క కొలతలు రాసి పంపమని అడిగాను. బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా వచ్చిన సమాధానాల్లో ఎక్కువ భాగం తెల్లని ‘పొమేరియన్’లవే, వాటిలో పన్నెండు, పదమూడు కిలోల బరువున్నవి కూడా ఉన్నాయి. కొలతలు శ్రద్ధగానే తీశారు గానీ, ఆ కొలతలకు ఆ పేరు నప్పదు. అందువల్ల ఈసారి పగ్ గురించి చెప్పాలనుకున్నది వాయిదా వేస్తున్నాను.

బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరంలో, నేటి పోలండ్, జర్మనీల మధ్య పంచుకున్న పొమెరేనియా ప్రాంతం వల్ల ఈ జాతికి ఆ పేరు వచ్చింది. దీని పూర్వీకులు ఉత్తరపు చలిదేశాల్లో బండ్లు లాగిన, కావలి కాసిన స్పిట్జ్ కుక్కలు, అంటే నిక్కిన చెవులు, ఒత్తైన బొచ్చు, వీపు మీదికి వంగిన తోక ఉండే రకాలు. 1767లో ఇంగ్లండు రాణి షార్లెట్ తెప్పించుకున్నవి నేటి వాటికంటే బాగా పెద్దవని ఆనాటి ఆంగ్ల చిత్రకారుడు గెయిన్స్‌బరో చిత్రాలు చూస్తే తెలుస్తుంది. 1888లో విక్టోరియా రాణి ఫ్లారెన్సు నుంచి తెచ్చుకున్న మార్కో అనే పొమేరియన్ సుమారు ఐదున్నర కిలోలు తూగేది. రాణి ముచ్చట జనానికీ అంటడంతో, తరతరాలుగా చిన్నవాటినే ఎంచి కలపగా ఆకారం కుదించుకుపోయింది. కావలి గుణం మాత్రం తగ్గలేదు. గేటు చప్పుడైతే చాలు అది గొంతెత్తడానికి కారణం ఇదే.

బ్రిటిషువారు మన దేశానికి తెచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతి ఇక్కడి వేడికి అలవాటుపడి ఇండియన్ స్పిట్జ్ అయింది (ఇక్కడి నుంచి స్పిట్జ్ అంటే ఇదే). విజయనగరం వీధుల్లో మీరు చూసే తెల్లని బొచ్చు కుక్కలు చాలావరకు ఇవే. వీటిలో చిన్న రకం 5 నుంచి 7 కిలోలు, పెద్ద రకం 12 నుంచి 20 కిలోలు ఉంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం పొమేరియన్ బరువు 1.4 నుంచి 3.2 కిలోలు మాత్రమే.

నాకు విసుగు తెప్పించే పొరపాటు రంగును నమ్ముకోవడం. తెలుపు కనిపించగానే పొమేరియన్ అనేస్తారు. నిజానికి పొమేరియన్‌లలో ఎక్కువగా కనిపించేది నారింజ వన్నె. నలుపు, గోధుమ, మీగడ రంగులూ ఉంటాయి, తెలుపు కూడా ఉంటుంది. అంటే రంగు దేనినీ తేల్చదు. ఎత్తు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది: భుజాల మీది బొచ్చును అణచకుండా టేపు పెడితే అంగుళానికి పైగా ఎక్కువ చూపిస్తుంది, పైగా చిన్న రకం స్పిట్జ్ ఎత్తు పొమేరియన్ ఎత్తుకు దగ్గరగానే ఉంటుంది. అందుకే బరువు చూడండి. మనిషి ఎత్తుకొని నిలబడి తన బరువు తీసివేసే పద్ధతి పెద్ద కుక్కలకు సరిపోతుంది. రెండు మూడు కిలోల దానికి అరకిలో తేడా కూడా ఎక్కువే కాబట్టి, పలాసలో జీడిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా లాంటిది వాడండి, బుట్ట బరువు తీసివేయండి. ఆ తర్వాత మూతి చూడండి: పొమేరియన్‌ది పొట్టిగా, స్పిట్జ్‌ది కొంచెం సాగినట్లుగా ఉంటుంది. పిల్లల్లో ఈ తేడాలేవీ తేలవు కనుక తల్లిని తూచకుండా కొనవద్దు. మరీ చిన్నదాన్ని ‘టీకప్’ అని చెప్పి ధర పెంచేవారికి నేనైతే జవాబు కూడా చెప్పను. ఆ పేరుతో గుర్తింపు పొందిన రకమే లేదు.

నన్నడిగితే, మన తీరపు ఉక్కపోతలో స్పిట్జ్‌నే ఎంచుకుంటాను. పొమేరియన్‌కే మనసైతే మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ కట్టండి, దాని శ్వాసనాళం సున్నితమైనది. వేసవి వచ్చిందని బొచ్చు పూర్తిగా గొరిగించవద్దు. కొన్నింటికి అది మళ్లీ సరిగా మొలవదు.

అభ్యాసం: వారం పాటు మీ కుక్క మొరిగిన ప్రతిసారీ సమయం, అంతకుముందు వినిపించిన చప్పుడు, అది ఎంతసేపటికి ఆగిందో పుస్తకంలో రాయండి. వరుసగా మూడు ఉదయాలు, తిండి పెట్టకముందు, ఒకే కాటా మీద తూచి ఆ అంకెలూ జతచేయండి. రంగు రాయవద్దు.