మలుపులో కారు ఒరిగిపోతోందా? రేసుకి దింపే ముందు ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

విజయనగరం చుట్టుపక్కల పెరిగినవాళ్లకి గోగునార లోడు లారీ గురించి చెప్పక్కర్లేదు. లారీ మీద ఇంకో లారీ ఎత్తున కట్టలు వేసుకుని నెల్లిమర్ల రోడ్డులో మలుపు తిరుగుతుంటే, వెనకాల సైకిల్ మీద వస్తున్న మనం ఎవరూ చెప్పకుండానే ఆగిపోతాం, ఎక్కడ మీద పడుతుందోనని. రేసులో మన చిన్న కారు చేసేదీ అదే, మోతాదు తక్కువ అంతే. బరువు పైన ఉంటుంది, పట్టు కింద రోడ్డు దగ్గర ఉంటుంది. పైనున్నది బయటికి పోతానంటుంది, కిందున్నది పోనివ్వదు, మధ్యలో స్ప్రింగులు నలుగుతాయి. దీన్నే బాడీ రోల్ అంటారు.

నాది పాత పెట్రోల్ స్విఫ్ట్. నేనూ మా బావా కలిసి దాన్ని ఆటోక్రాస్‌లకి, టైమ్ ట్రయల్స్‌కి (గుర్తుపెట్టిన దారిలో టైమ్ చూసే పోటీలు) దింపుతుంటాం. కింద రాసిందంతా ఈ బండి మీద చేసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి తెలుసుకున్నదే.

ముందే ఒక సంగతి. రోల్ మొత్తం పోగొట్టేద్దామని కూర్చోకండి. కారు ఒరిగితే మనకి భయమేస్తుంది కానీ, టైమ్ పోయేది ఒరిగినప్పుడు బయటి టైరు అంచు మీద నిలబడి ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే భాగం, సగం గాల్లోకి లేస్తుంది చూడండి, అక్కడ. ఇంకో లెక్క కూడా చూడండి. డ్రైవర్‌తో కలిపి 1000 కేజీల కారు, దాని గురుత్వ కేంద్రం నేల నుంచి 54 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య 145 సెంటీమీటర్లు, మలుపు 0.8 జి తో, అంటే బండి బరువులో 0.8 వంతు పక్క తోపుతో, తిరుగుతోంది అనుకుందాం. 1000 × 0.8 × 54 ÷ 145. అంటే సుమారు 298 కేజీలు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకి వెళ్లిపోతాయి. ఈ లెక్కలో స్ప్రింగు అన్న మాటే లేదు! ఎంత గట్టి స్ప్రింగులు వేసినా ఆ 298 దాదాపు అలాగే ఉంటుంది. స్ప్రింగులూ, యాంటీ రోల్ బార్లూ (ఎడమ కుడి చక్రాల సస్పెన్షన్లని కలిపే కడ్డీలు) మార్చేది ఏంటంటే, కారు ఎంత ఒరుగుతుందన్నది, ఆ బరువులో ముందు ఇరుసు ఎంత మోస్తుంది, వెనక ఇరుసు ఎంత మోస్తుందన్నది. ఇది బుర్రలో ఉంటే సగం డబ్బులు మిగులుతాయి.

ఎక్కడ నడపాలో కూడా చెప్పేస్తాను. సాలూరు ఘాట్ ఎంత ఊరించినా సరే, పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మేము ప్లాట్లు వేసి ఇంకా అమ్ముడుపోని ఒక లేఅవుట్‌లో, ఓనర్‌ని అడిగి, గేటు వేసుకుని ప్రాక్టీస్ చేస్తాం. అలాగే ఏ క్లాసులో దిగుతున్నారో చూసుకోండి, స్టాక్ క్లాసుల్లో స్ప్రింగు మార్చినా ఒప్పుకోని చోట్లున్నాయి. రూల్స్ చదివాకే పానా పట్టండి.

1. ఎంత ఒరుగుతోందో చూడండి

ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి డ్యాష్‌బోర్డు మీద అంటించి మలుపు తిప్పితే కొలత వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు, మేమూ అనుకున్నాం. రాదు. ఫోన్ మలుపు తోపుని కూడా వాలుగానే లెక్కపెట్టి 30 డిగ్రీలు, 40 డిగ్రీలు అని చూపించేస్తుంది. దానికంటే ఒక మనిషిని మలుపుకి ఎదురుగా, దూరంగా, సేఫ్‌గా నిలబెట్టి వీడియో తీయించండి. అందులో ఒక ఫ్రేమ్ ఆపి, బంపర్ వెంట ఒక గీత, రెండు టైర్లు నేలని తాకే చోట్లు కలుపుతూ ఇంకో గీత గీస్తే మధ్య కోణం తెలుస్తుంది. అదే మలుపు, అదే స్పీడు, అదే చోటు నుంచి వీడియో. ప్రతి మార్పు తర్వాతా ఇదే.

2. అరిగిపోయినవి ముందు మార్చండి

పదేళ్లు దాటిన బండిలో కొంత రోల్ కంపెనీ ఇచ్చింది కాదు, మనం పట్టించుకోక వచ్చింది. యాంటీ రోల్ బారు కొసల్ని తగిలించే స్టెబిలైజర్ లింక్ రాడ్లు, బార్ బుష్‌లు (రబ్బరు తొడుగులు), చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు, షాకబ్జార్లు అన్నీ చూడండి. గతుకుల్లో ముందు నుంచి కటకటమని వస్తుంటే చాలాసార్లు అది లింక్ రాడ్డే. అది లూజైతే బండి ఒరగడం మొదలైన కాసేపటిదాకా బారు పనిలోకే దిగదు.

బుష్‌లు మార్చేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు కొందరు. బండి కిందకి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది. బోల్టు తగిలించి, బండి బరువు చక్రాల మీదకి వచ్చాకే ఫైనల్‌గా బిగించాలి. మా కొత్త బుష్‌లు కొద్ది నెలలకే పోయింది ఇలాగే.

బండి కింద దూరే పని ఉంటే జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి.

3. బరువు

పైనున్నది ముందు తీయండి. రూఫ్ క్యారియర్ ఉంటే అది, తర్వాత డిక్కీలో స్పీకర్ డబ్బా, స్టెప్నీ, మ్యాట్లు, సీట్ల కింద దొరికే మన సంసారం. డ్రైవర్ సీటు రెండు సెంటీమీటర్లు దిగినా లాభమే, ఎందుకంటే బండిలో ఎత్తున కూర్చునే పెద్ద బరువు మనమే. ఈ పనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ చేయరు.

4. టైర్లు, గాలి

ఒరిగేది బాడీ ఒక్కటే కాదు, టైరు గోడ కూడా ముడుచుకుంటుంది. 165/80 ఆర్14 టైరుకి గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, 185/65 ఆర్15 కి 120. మొత్తం టైరు ఎత్తు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే, అందుకే స్పీడోమీటర్ తప్పు చూపించదు. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయంటే నేను స్ప్రింగుల కంటే ముందు మంచి టైర్లకే పెడతాను.

గాలి ఎంత పెట్టాలన్నదానికి సుద్దముక్క చాలు. ట్రెడ్ అంచు నుంచి గోడ మీదకి అడ్డంగా నాలుగైదు చోట్ల గీతలు గీసి, నాలుగు రౌండ్లు వేసి వచ్చి చూడండి. చాలా టైర్ల భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద ఆ త్రికోణం దాకా చెరిగితే సరిపోయింది. దాటి కిందకి చెరిగిపోతే టైరు పొర్లుతోంది, రెండు పాయింట్లు (పీఎస్ఐ) గాలి పెంచండి. త్రికోణానికి పైనే ఆగిపోతే రెండు తగ్గించండి. మేము ముందు 34 తో మొదలుపెట్టాం. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన లెక్కలే రాసుకోండి, మన మే నెల ఎండలో మధ్యాహ్నం కొలిస్తే అంకె ఎక్కడికో పోతుంది.

5. స్ప్రింగులు

ఇక్కడ మేము చేసిన వెధవ పని చెప్పాలి. బండి కిందకి దిగితే రోల్ తగ్గుతుందని, ఒక షాపులో గ్రైండర్ పెట్టి ముందు స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోయించేశాం. చూడ్డానికి అదిరింది. ఇంటికొచ్చి జాకీ ఎత్తి చూస్తే స్ప్రింగు సీటులో కూర్చోకుండా లూజుగా ఉంది, చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతోంది! గుంటలో చక్రం జారితే స్ప్రింగు సీటు తప్పి ఎక్కడ కూర్చుంటుందో దేవుడికే తెలియాలి. అయినా బుద్ధి రాక లేఅవుట్‌కి తీసుకెళ్లాం. వీడియోలో చూస్తే కారు ముందు ఎంత ఒరిగేదో అంతే ఒరుగుతోంది, పైగా సగం మలుపులో బంప్ స్టాప్ మీద, అంటే సస్పెన్షన్ ఇక నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ మీద, ధబ్బున కూర్చుంటోంది, ఆ క్షణంలో స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు సూటిగా బయటికే పోతోంది.

ఎందుకంటే మన చిన్న కార్లలో ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, స్ప్రింగూ షాకబ్జారూ ఒకే కంబంగా ఉండేది. దీన్ని దించుతుంటే గురుత్వ కేంద్రం కొంచెం దిగుతుంది, కానీ బండి దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ ఇంకా ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. చేయి పొడుగైన పానాతో బోల్టు తేలిగ్గా తిరిగినట్టు, బరువుకి బండిని ఒరగదీయడం ఇంకా సులువవుతుంది. గుర్తుపట్టడం తేలికే. బండి నేల మీద నిలబెట్టి లోయర్ ఆర్మ్ చూడండి. చక్రం వైపు కొస లోపలి కొస కంటే కిందగానో, మహా అయితే సమానంగానో ఉండాలి. పైకి లేచి ఉందంటే ఎక్కువ దించేశారు. పోనీ దించితే దక్కేదెంత? మొదటి లెక్కలో 54 తీసి 51 పెట్టండి, 298 కాస్తా 281 అవుతుంది. మూడు సెంటీమీటర్లకి 17 కేజీలు.

అందుకని మీ మోడల్‌కే చేసిన స్ప్రింగులు కొనండి, 20 నుంచి 30 శాతం గట్టివి, బండిని రెండు రెండున్నర సెంటీమీటర్లకి మించి దించనివి. స్ట్రట్ విప్పడం మాత్రం అలవాటున్నవాళ్ల చేతే చేయించండి. నొక్కి పట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది, మంచి స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కి పట్టే సామాను) లేని షాపులో ఆ పని వద్దు.

గ్రౌండ్ క్లియరెన్స్ కోసం స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు ఉంటే పీకేయండి. అవి బండిని పైకి లేపుతాయి.

6. షాకబ్జార్లు

షాకబ్జార్ గట్టిదైతే రోల్ తగ్గుతుందనుకోవడం సగం నిజం. పొడుగాటి మలుపులో కారు చివరికి ఎంత ఒరగాలో అంత ఒరుగుతుంది, షాకబ్జార్ దాన్ని నిదానంగా ఒరగనిస్తుంది, అంతే. కానీ ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య కుడి ఎడమ కుడి అని తిప్పేటప్పుడు ఆ నిదానమే కావాలి. స్ప్రింగులు గట్టివి వేశాక పాత షాకబ్జార్లు ఉంచితే బండి ఊయల ఊగుతుంది, కాబట్టి ఈ రెండూ జతగానే మార్చాలి.

7. యాంటీ రోల్ బార్

సూటిగా రోల్ మీదే పనిచేసే సామాను ఇదొక్కటే. బారు మందం కొంచెం పెరిగినా పట్టు చాలా పెరుగుతుంది, ఎందుకంటే గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బారు తీసి 22 వేస్తే 46 శాతం ఎక్కువ. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు.

ఏ వైపు వేయాలి? మనవన్నీ ముందు చక్రాలు లాగే బళ్లు, ముక్కు ఎలాగూ బయటికి పోతుంది. ముందు బారు గట్టిదేస్తే రోల్ తగ్గుతుంది కానీ ముందు బయటి టైరు మీదే ఇంకా భారం పడి ముక్కు మరీ మొండికేస్తుంది, పైగా లోపలి ముందు చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది. అందుకే ముందుగా వెనకే. స్విఫ్ట్ లాంటి వాటికి వెనక రెండు చక్రాలనీ కలిపే టార్షన్ బీమ్ ఉంటుంది, అది మెలిపడుతూ తనే సగం బారు పని చేస్తుంది, దానికి బోల్టులతో బిగించే అదనపు బారు దొరుకుతుంది. బీమ్ మీద వెల్డింగ్ పెట్టించి గట్టిచేస్తామనేవాళ్లని దగ్గరికి రానివ్వకండి, వేడికి అక్కడే పగులొస్తుంది.

వెనక బారు వేశాక మలుపులో లోపలి వెనక చక్రం నాలుగు వేళ్లు లేస్తుంది. భయపడొద్దు, ఫోటో కూడా బాగా వస్తుంది. కానీ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనకభాగం తిరిగిపోతుంది, తడి రోడ్డు మీద మరీను. వాన పడితే మేము ఆ బారు విప్పేసి నడుపుతాం.

బానెట్ కింద అడ్డంగా వేసే స్ట్రట్ బార్ ఉంది కదా, అది రోల్ తగ్గించదు. బానెట్ తెరిచి చూపించుకోవడానికి బావుంటుంది.

8. అలైన్‌మెంట్

ఎత్తు మారిన ప్రతిసారీ చేయించాలి. ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) మైనస్ ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీలు, టో (పై నుంచి చూస్తే చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా. ఒరిగినా టైరు చదునుగా నిలబడాలనే ఈ క్యాంబర్. రోజూ ఆఫీసుకి కూడా ఇదే బండైతే టైర్ల లోపలి అంచు తొందరగా అరుగుతుంది, ఒకటి దగ్గర ఆపండి.

ఇవన్నీ ఒకే ఆదివారం చేసేయకండి. ఒక్కటి మార్చి, అయిదు రౌండ్లు వేసి, టైమ్, గాలి, సుద్ద గీత నోటుబుక్‌లో రాసుకుని, అప్పుడు రెండోది. మా బండి ఇప్పటికీ ఒరుగుతుంది, పాత వీడియోలో ఉన్నదాంట్లో సగానికి కొంచెం ఎక్కువే. సుద్ద మాత్రం త్రికోణం దగ్గర ఆగుతోంది. ఇంకో సైజు పెద్ద వెనక బారు వేద్దామని బావ గొడవ, వానలు తగ్గాక చూద్దామని నేను.