రెనిన్ పరీక్షకు రక్తం ఎలా ఇవ్వాలి? ముందు ఆ ఐసు తీసెయ్యండి

మూడు రకాల మాత్రలు మింగుతున్నా బీపీ దిగకపోతే డాక్టరు ఆల్డోస్టెరాన్, రెనిన్ పరీక్ష రాస్తారు. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టెరాన్ అనే హార్మోనును మరీ ఎక్కువ వదిలే జబ్బు ఉందేమో చూడ్డానికి, దాన్ని కిడ్నీ వదిలే రెనిన్‌తో పోలుస్తారు. గుంటూరు కొత్తపేటలో ఏళ్ల తరబడి రక్తం తీస్తున్నాను. దీనికి సరిగ్గా తయారై వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు 4 వారాల ముందు ఆపాల్సి రావచ్చు. ఆ మాట డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపొద్దు. పొటాషియం తక్కువుంటే ముందే సరిచేయించుకోండి. పరీక్ష కోసమని వారం ముందు నుంచి చప్పిడి కూడు మొదలుపెట్టకండి, రెనిన్ పెరిగిపోతుంది.

పొద్దున లేచి కనీసం 2 గంటలు అటూ ఇటూ తిరగాలి. ల్యాబ్‌కి వచ్చాక 5 నుంచి 15 నిమిషాలు కూర్చోవాలి. పిడికిలి బిగించి వదలడం వద్దు. ఊదా మూత ట్యూబును మెల్లగా ఎనిమిదిసార్లు తిరగెయ్యాలి, గిలక్కొట్టకూడదు. కలపకపోతే రక్తం గడ్డకడుతుంది, మళ్లీ గుచ్చాలి.

గడ్డ అంటే గుర్తొచ్చింది. రెనిన్ వల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్-2 రక్తనాళాలను బిగించడంతో ఆగదు. గడ్డను కరిగించే ఏర్పాటుకు అడ్డుపడే పీఏఐ-1 అనే ప్రొటీన్‌ను కూడా పెంచుతుంది. బీపీ పెంచే హార్మోనుకు గడ్డతోనూ పని ఉందన్నమాట. అలాగని రెనిన్ రిపోర్టు చూసి కాలి సిరలో గడ్డ ఉందో లేదో చెప్పలేం. దానికి డాప్లర్ స్కానే.

ఇక అసలు తంటా ఐసుతో. హార్మోను పరీక్ష అనగానే ట్యూబును ఐసులో గుచ్చేస్తారు, అదే జాగ్రత్త అనుకుని. రెనిన్‌కు అది తప్పు. రక్తంలో రెనిన్ కంటే ప్రోరెనిన్, అంటే ఇంకా పనిచేయని రెనిన్, చాలా ఎక్కువ ఉంటుంది. చల్లదనానికి అందులో కొంత పనిచేసే రెనిన్‌గా మారిపోతుంది. రిపోర్టులో రెనిన్ లేనిపోని ఎత్తుకెళ్తుంది, ఆల్డోస్టెరాన్‌తో పోల్చే నిష్పత్తి పడిపోతుంది, ఉన్న జబ్బు లేనట్టు కనిపిస్తుంది. ఒక్క అడ్రినల్ గ్రంథిలోనే తేడా ఉంటే ఆపరేషన్‌తో చాలామందికి పొటాషియం కుదుటపడుతుంది, బీపీ తగ్గుతుంది. రిపోర్టు తప్పితే ఆ మనిషి ఆపరేషన్ దాకా వెళ్లకుండా ఏళ్ల తరబడి మాత్రలు మింగుతూ కూర్చుంటాడు. ఓ ల్యాబ్‌లో ఐసు డబ్బాలో పడేసిన మా బాబాయి ట్యూబు రిపోర్టు ఇలాగే తిరగబడింది. నెల తర్వాత మళ్లీ తీయాల్సి వచ్చింది.

ట్యూబు గది వేడిలోనే ఉండాలి. మే నెల గుంటూరు గది కాదు, ఏసీ గది. స్కూటర్ డిక్కీలో పెట్టి విజయవాడ పంపించడం అసలు కుదరదు. ఇక్కడే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరుచేసి, వెంటనే ఫ్రీజ్ చేసెయ్యాలి. చలి పనికొచ్చేది అప్పుడే, అదీ ఫ్రిజ్‌లో కాదు, డీప్ ఫ్రీజర్‌లో. డబ్బు కట్టే ముందే కౌంటర్లో "మీరు ఇక్కడే తిప్పుతారా?" అని అడగండి. నసిగితే వేరే ల్యాబ్‌కి వెళ్లండి. రక్తం ఇచ్చాక ఫారం మీద టైము, అప్పటికి వేసుకుంటున్న మాత్రల పేర్లు రాయించండి.