గాలి పెంచలేదు, గ్యాస్ హోల్డప్ ఎందుకు పెరిగింది?

లక్షణం: ఫ్లోటేషన్ సెల్‌కి (గాలి బుడగలతో ఖనిజాన్ని పైకి తేల్చి వేరుచేసే తొట్టె) వెళ్లే గాలి అంతే ఉంది, రసాయనాల డోసింగ్ సెట్టింగ్ మారలేదు. స్క్రీన్ మీద గ్యాస్ హోల్డప్ (సెల్‌లోని పల్ప్‌లో, అంటే ఖనిజపు పొడి కలిసిన నీళ్లలో, గాలి ఎంత శాతమో చెప్పే అంకె) మాత్రం 10 శాతం నుంచి 13.5కి ఎక్కి కూర్చుంది. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్: "ట్రాన్స్‌మిటర్ పోయింది సార్, మార్చేద్దామా?"

వద్దు. ట్రాన్స్‌మిటర్లంటే సెల్‌లో పైనా కిందా ఉన్న రెండు ఒత్తిడి సెన్సార్ల రీడింగ్ పంపేవి. ముందు గాలి ఆపి చూడండి. కాసేపటికి బుడగలన్నీ పైకి పోతాయి, రీడింగ్ సున్నాకి రావాలి. ఇంత తేలిక పరీక్ష ఎవరూ చేయరు, స్పేర్ కోసం స్టోర్స్‌కి మాత్రం పరిగెడతారు. పల్ప్‌ని కలిపే రోటర్ ఆపొద్దు, ఇసుక అడుగున దిగిపోతుంది. లెవెల్ లూప్ (పల్ప్ మట్టాన్ని దానంతటదే సరిచేసే కంట్రోల్) మాన్యువల్‌లో పెట్టండి. ఆటోలో ఉంటే లెవెల్ పడిందని టెయిల్స్ వాల్వ్ (వ్యర్థం బయటికి పోయే దారి) మూసుకుంటుంది, మళ్లీ గాలి వదిలాక పల్ప్ పొంగి కాన్సంట్రేట్ లాండర్‌లో (తేలిన ఖనిజం పారే కాలువ) పడుతుంది. పై సెన్సార్ మునిగే ఉండాలి.

సున్నా వస్తే మీటర్ నిజమే చెబుతోంది. ఫ్రాతర్ (నురగ పుట్టించే రసాయనం) పంపు చూడండి, ఎక్కువ పోస్తోందేమో. ఫ్రాతర్ ఎక్కువైతే బుడగలు చిన్నవవుతాయి, నెమ్మదిగా లేస్తాయి, అదే గాలికి హోల్డప్ పెరుగుతుంది.

సున్నాకి బదులు 3.8 దగ్గర ఆగిందా? నన్ను రెండు నైట్ షిఫ్టులు తిప్పింది ఇదే. ట్రాన్స్‌మిటర్లు రెండూ మార్చాను, అంకె కదల్లేదు. ఎందుకంటే తప్పు వాటిలో లేదు, పీఎల్‌సీలో (ఈ లెక్కలు చేసే కంట్రోల్ కంప్యూటర్) ఎప్పుడో కొట్టి వదిలేసిన స్లర్రీ (గాలి లేని పల్ప్) సాంద్రత 1.30లో ఉంది, నీటి సాంద్రత 1 అనుకుంటే. పైనా కిందా ఉన్న రెండు సెన్సార్ల ఒత్తిడి తేడా చెప్పేది గాలి కలిసిన పల్ప్ ఎంత బరువుందనే. ఆ బరువు గాలి వల్ల తగ్గిందా, ఘనపదార్థం పలచబడి తగ్గిందా అన్నది దానికి తెలియదు. ఖనిజం సాంద్రత 2.8 అనుకోండి. ఫీడ్‌లో ఘనపదార్థం బరువులో 36 శాతం నుంచి 31కి పడితే స్లర్రీ 1.30 నుంచి 1.25కి దిగుతుంది. గాలి నిజంగా 10 శాతమే ఉన్నా సెల్‌లో సాంద్రత 1.125. దాన్ని 1.30తో భాగిస్తే 0.865 వస్తుంది, మిగతా 13.5 శాతం గాలి ఉన్నట్టు లెక్క తేలుతుంది. గాలి ఆపినా 1.25ని 1.30తోనే భాగిస్తుంది కాబట్టి 3.8 మిగులుతుంది.

పరిష్కారం: మార్సీ క్యాన్‌తో (స్లర్రీని తూచి సాంద్రత చెప్పే డబ్బా, త్రాసు) సాంద్రత తీసి పీఎల్‌సీలో మార్చండి. శాంపిల్ ఫీడ్ బాక్స్ (సెల్‌లోకి పల్ప్ వచ్చే పెట్టె) నుంచే. సెల్‌లోంచి ముంచితే బుడగలూ వస్తాయి, సాంద్రత తక్కువ చూపిస్తుంది, అప్పుడు హోల్డప్ తప్పు ఇటు నుంచి అటు తిరుగుతుంది, ఎక్కువకి బదులు తక్కువ చూపిస్తుంది. రోజూ ఈ పని కుదరకపోతే ఫీడ్ లైన్ డెన్సిటీ గేజ్ సిగ్నల్‌ని లెక్కలోకి కలిపేయండి. ఆ గేజ్ ఉన్న పైపులోకి గాలి చేరకూడదు.

ఇక మిగతావి. రీడింగ్ ఎగిరెగిరి పడుతుంటే పై సెన్సార్ ఫ్రాత్‌లోకి (పైన తేలే నురగ) వచ్చింది. కదలకుండా ఉంటే డయాఫ్రమ్ (ఒత్తిడి తగిలే సెన్సార్ పొర) మీద సున్నం పేరుకుంది, కడగండి. సయనైడ్ వాడే సర్క్యూట్ అయితే ఆసిడ్ దగ్గరికి కూడా తేవద్దు, విషవాయువు పుడుతుంది. ట్రాన్స్‌మిటర్ నిజంగా చెడిపోవడం నేను చాలా అరుదుగా చూశాను.