ఇమేజ్ ఎక్కించే ముందు రెండో డిస్క్ పీకేయండి
విండోస్ పాడై, బ్యాకప్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి ముందే తీసిపెట్టుకున్న నకలు) నుంచి సిస్టమ్ డ్రైవ్‌ను తిరిగి ఎక్కించాలంటే, ముందు కంప్యూటర్ ఆపేసి, ఇమేజ్ ఉన్న డిస్క్ తప్ప మిగతా డేటా డిస్కుల కేబుళ్లు తీసేయండి. పెన్‌డ్రైవ్‌తో క్లోన్‌జిల్లా (డిస్క్ ఇమేజ్‌లు తీసే, తిరిగి ఎక్కించే ఉచిత ప్రోగ్రామ్) తెరిస్తే అక్కడ సీ, డీ అని ఉండవు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు కనిపిస్తాయి. కంగారులో వేరేది నొక్కితే పెళ్లి ఫోటోలతో సహా అంతా గోవిందా! సైజు, మోడల్ చూసుకునే ముందుకెళ్లండి.

కొత్త ఎస్‌ఎస్‌డీ కొంటుంటే పాతదాని సైజుకు తగ్గకుండా చూడండి. 256 జీబీ ఇమేజ్‌ను 240 జీబీ దాంట్లోకి ఎక్కించబోతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. సీ ఒక్కటే కాదు, బూట్ కావడానికి చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా ఇమేజ్‌లో ఉండాలి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) వాడేవాళ్లయితే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, తర్వాత అడగొచ్చు.